సువాసన మొక్కలతో తోట మొదలుపెడుతున్నాం: హనుమకొండ, బోరునీళ్లు, సాయంత్రమే ఇంట్లో ఉంటాం

కొత్తకుండీ · జూన్ 14

అందరికీ నమస్కారం. ఈమధ్యే హనుమకొండలో కట్టుకున్న ఇంట్లోకి వచ్చాం. ఇంటి ముందు తూర్పు వైపున పన్నెండు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు మట్టినేల వదిలాం. పైన మేడ ఖాళీగా ఉంది. దక్షిణం సందులో మాత్రం పక్కింటివారి వేపచెట్టు నీడ రోజంతా పడుతుంది. మొక్కల పెంపకంలో నా అనుభవం తులసికోట వరకే.

రంగురంగుల పూలు లేకపోయినా ఫరవాలేదు, గేటు తీసేసరికి మంచి వాసన రావాలని నా కోరిక. మా అత్తగారికి పూజకు నాలుగు పూలు దొరికితే ఇంకా సంతోషం. నర్సరీకి వెళితే అక్కడి కుర్రాడు లావెండరు, గంధరాజం, నైట్ క్వీన్, ఏడాదంతా పూసే మల్లె, సంపెంగ అని వరసపెట్టి చూపించాడు. తల తిరిగి ఏదీ కొనకుండా వచ్చేశాను. కొత్తవాళ్ల చేతిలో కూడా బతికే మొక్కలు నాలుగైదు చెప్పండి. రెండు వేల రూపాయల్లో తేలిపోవాలి.

మేడతోట · జూన్ 14

మల్లె. ఇందులో ఆలోచించడానికి ఏముంది? తెలుగువాళ్ల ఇంట్లో మొదటి పూలమొక్క మల్లె కాకపోతే ఇంకేం ఉంటుంది! మా విజయవాడలో మే నెల మేడ మీద ఎండ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ ఎండలోనే కుండీ నిండా మొగ్గలు వేస్తుంది. బొండుమల్లె ఒకటి, రేకమల్లె ఒకటి తెచ్చి మేడ మీద పెట్టేయండి.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 14

మేడతోట గారూ, మీ ఉత్సాహం బాగుంది కానీ ముందు రెండు ప్రశ్నలు అడగనివ్వండి. కొత్తకుండీ గారూ, ముందువైపు నేలకు నేరుగా ఎండ ఎన్ని గంటలు తగులుతుంది? మీరు ఇంట్లో ఉండే వేళలేమిటి?

రెండో ప్రశ్న విచిత్రంగా అనిపించవచ్చు. పువ్వు రోజంతా ఒకేలా పరిమళించదు. చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటుంది, మర్నాడు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. మల్లె మొగ్గ పొద్దు వాలాక విచ్చుతుంది, వాసన అప్పుడే బయటికి వస్తుంది. పారిజాతం చీకటి పడ్డాక విచ్చుకుని తెల్లవారేసరికి రాలిపోతుంది. గులాబీ వాసన చూడాలంటే ఉదయాన్నే చూడాలి, మధ్యాహ్నానికి సగం ఆవిరై ఉంటుంది. రాత్రి పూసే పూలు చాలావరకు తెల్లగా ఉండడానికీ, వాసన ఎక్కువగా ఉండడానికీ కారణం ఒకటే: వాటి దగ్గరికి వచ్చేవి చీకట్లో తిరిగే రెక్కల పురుగులు. ఆ చీకట్లో వాటికి తెలుపూ వాసనా దారి చూపుతాయి.

అందుకే మొక్క పేరు అనుకునే ముందు మీరు ఏ వేళలో పెరట్లో నిలబడతారో చూసుకోవాలి. పగలంతా ఆఫీసులో ఉండేవారు పగలు పరిమళించే మొక్క పెంచితే ఆ వాసన వీధిలోవాళ్లకే దక్కుతుంది.

కొత్తకుండీ · జూన్ 14

ఈ సంగతి ఎవరూ చెప్పలేదు మేడం. ఇద్దరం ఉద్యోగాలకు ఉదయం ఎనిమిదిన్నరకు వెళితే రాత్రి ఏడు దాటాకే వస్తాం. అత్తగారు ఇంట్లోనే ఉంటారు, కానీ మోకాళ్ల నొప్పుల వల్ల మేడ ఎక్కరు. ముందు నేలకు ఉదయం ఏడు నుంచి పన్నెండు దాకా ఎండ ఉంటుంది. మేడ మీద రోజంతా ఎండే. నాలుగేళ్ల పాప ఉంది, అందిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. బోరునీళ్లు కాస్త ఉప్పన, బకెట్ల అంచున తెల్లటి చార కడుతుంది.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 14

పాప సంగతి, నీళ్ల సంగతి చెప్పి మంచి పని చేశారు. ఈ రెండింటితోనే నర్సరీ కుర్రాడి జాబితాలో సగం కొట్టేయవచ్చు.

గంధరాజానికి పులుపు నేల కావాలి. సున్నపు గుణం ఉన్న బోరునీళ్లు పోస్తూ పోతే ఆ నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. కొత్త ఆకులు పసుపు తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. చాలామంది నీళ్లు చాలలేదనుకుని అవే నీళ్లు ఇంకా పోస్తారు. నైట్ క్వీన్ వాసన బాగానే ఉంటుంది కానీ కాయలతో సహా విషం, పాప పెద్దదయ్యే వరకు వద్దు. లావెండరు చల్లటి, పొడి గాలి ఉన్న చోటి మొక్క. మన వానాకాలపు తేమకు వేరు కుళ్లి పోతుంది. నీలం పూల ఫొటో చూపించి విత్తనాల పొట్లాలు అమ్మేవాళ్ల దగ్గర అసలే కొనకండి.

మూడో_అంతస్తు · జూన్ 15

గంధరాజాన్ని అలా తీసిపారేయకండి టీచరు గారూ. మా విశాఖలో బాల్కనీ కుండీలో ఏళ్లుగా నిక్షేపంగా పూస్తోంది. ఒక్క పువ్వు గదిలో పెడితే చాలు, రాత్రంతా వాసనే.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 15

మీరు పోసేది పురపాలక సంఘం కుళాయి నీరా, బోరునీరా?

మూడో_అంతస్తు · జూన్ 15

కుళాయి నీరే. సరే, అర్థమైంది. కానీ వాన నీళ్లు పట్టి పోసుకోగలిగితే హనుమకొండలోనూ పెంచవచ్చు కదా?

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 15

పెంచవచ్చు. ఇనుము మందు నెలనెలా వేస్తూ, వాన నీళ్లు డ్రమ్ముల్లో దాచుకుంటూ పెంచవచ్చు. మొదటి ఏడాదికి ఆ చాకిరీ ఎందుకని నా అభిప్రాయం.

కడియం_దారిలో · జూన్ 15

నేను కడియపులంక వైపు నర్సరీల్లో పనిచేసేవాడిని. కొనేటప్పుడు చూసుకోవలసినవి చెబుతాను, ఏ మొక్క అన్నది పెద్దలు తేలుస్తారు.

ముందుగా ఆ ‘ఏడాదంతా పూసే మల్లె’. చాలాచోట్ల ఆ పేరుతో ఇచ్చేది కాగడా మల్లె. పూత బాగా వస్తుంది, వానల్లో చలికాలంలో కూడా పూస్తుంది, మాలకు పనికొస్తుంది. వాసన మాత్రం దాదాపు ఉండదు. మీకు కావలసింది వాసన కాబట్టి, కొనేముందు ఒక పువ్వు చేతిలో పట్టుకుని చూడండి. పూలు లేకపోతే ఆకు చూడండి: కాగడా కొమ్మకు, లేత ఆకుకు నూగు ఉంటుంది. బొండుమల్లె ఆకు నున్నగా, కాస్త గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది.

సంపెంగ కొంటే అంటు మొక్కే కొనాలి. గింజ మొక్క పువ్వు చూపించడానికి ఎనిమిది, పదేళ్లు పట్టవచ్చు. అంటు మొక్క రెండో మూడో ఏడే పూస్తుంది. కాండం మీద కింద అతుకు కనిపించాలి, ఆ అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లు గిల్లేయాలి. అయితే అది పెద్ద చెట్టయ్యే జాతి, మూడడుగుల పట్టీలో నప్పదు. సింహాచలం కొండ సంపెంగలంటే మాకందరికీ ప్రాణమే, కానీ ఇంటి గోడ పక్కన నాటమని మాత్రం చెప్పలేను.

నిండా పూలున్న మొక్క మీద మోజు పడకండి. ఇల్లు మారగానే ఆ పూలన్నీ రాల్చేస్తుంది. పక్క కొమ్మలు ఎక్కువ ఉండి, చిగుళ్లు తొడుగుతున్న మొక్క తీసుకోండి. కవరు అడుగు చూడండి, రంధ్రాల్లోంచి లావు వేర్లు బయటికి వచ్చి ఉంటే అది ఆ కవరులో మరీ ఎక్కువకాలం ఉన్నట్టు.

మీకు ఎవరూ చెప్పని పేరొకటి చెబుతాను: లిల్లీ దుంపలు. పూలమార్కెట్లో కిలోల లెక్కన అమ్మే తెల్ల లిల్లీ, నేలసంపెంగ అనేదీ అదే. ఇప్పుడు నాటే సమయం కూడా. ఒంటిరేకది అడగండి, ముద్దపువ్వు కంటే ఒంటిరేక పువ్వుకే వాసన ఎక్కువ. బెంగళూరు పక్కన హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ ఇచ్చిన ప్రజ్వల్, శృంగార్ రకాలు ఒంటిరేకవే. ప్రజ్వల్ మొగ్గ కొసన లేత గులాబీ చాయ ఉంటుంది, అలా గుర్తుపట్టవచ్చు. రెండు, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న దుంపలు ఏరుకోండి, మరీ చిన్నవి ఈ ఏడు పూయవు. రెండు అంగుళాల లోతులో నాటితే మూడు నెలలకు కాడ వేస్తుంది.

కొత్తకుండీ · జూన్ 15

లిల్లీ ఇంట్లో పెంచుకోవచ్చని ఎప్పుడూ అనుకోలేదు. పెళ్లి మండపాల్లో చూడడమే. కుండీలో వస్తుందా, నేలలోనే నాటాలా?

కడియం_దారిలో · జూన్ 15

రెండింటిలోనూ వస్తుంది. పదంగుళాల కుండీలో మూడు దుంపలు. నీరు నిలవకూడదు, అదొక్కటే పట్టింపు. పూసిన కాడ కోసేశాక దుంప అక్కడే ఉండి పక్క పిలకలు వేస్తుంది. రెండేళ్లకోసారి తవ్వి విడదీసుకుంటే మీ ఇరుగుపొరుగుకూ పంచవచ్చు.

సందేహాల_పుట్ట · జూన్ 15

నాదొక అనుమానం. మల్లెపందిరికి, మొగలిపొదకు, నైట్ క్వీన్‌కు పాములు వస్తాయని మా ఇంట్లో పెద్దలంతా అంటారు. పాప ఉన్న ఇంట్లో ఈ సువాసన మొక్కలు అసలు మంచివేనా?

పొలంగట్టు_మాస్టారు · జూన్ 15

బాబూ, పాము వాసనను నాలుకతో పట్టుకుంటుంది, నిజమే. కానీ అది వెతికేది ఎలుకను, కప్పను. మల్లెపూవుతో దానికేం పని? పందిరి కింద ఎండుటాకులు పేరుకుని, చల్లగా, చిత్తడిగా ఉంటే కప్పలు చేరతాయి. కప్పల కోసం పాము వస్తుంది. మొగలిపొద అయితే మనిషి దూరలేని ముళ్ల గుబురు, అక్కడ దానికి అడ్డేమిటి? ఆ గుబురే బీరపాదుతో అల్లుకున్నా పాము వస్తుంది. మొక్క మొదట్లో జానెడు ఎత్తు వరకు కొమ్మలు తీసేసి, నేల ఊడ్చి ఉంచండి. ఇటుకల కుప్పలు, పాత కుండీల దొంతరలు గోడ పక్కన పెట్టకండి.

పాప విషయంలో నాకు పాము కంటే చంద్రకాంత గింజల భయమే ఎక్కువ. ఎవరో ఒకరు ఆ మొక్క చెబుతారని తెలుసు, మంచి మొక్కే. విత్తనం గుచ్చితే వారం పది రోజుల్లో మొలుస్తుంది, రెండున్నర నెలల్లో పూస్తుంది, నీళ్లు మరిచిపోయినా చావదు. ఎండిపోయిందనుకుంటే వానకు దుంపలోంచి మళ్లీ లేస్తుంది. కానీ దాని గింజ అచ్చం మిరియపు గింజలా నల్లగా ముడతలు పడి ఉంటుంది, తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. దుంపా అంతే. గింజ పట్టకముందే ఎండిన పూలు గిల్లేసే ఓపిక ఉంటే పెంచండి. ఎర్రగన్నేరు మాత్రం ఇంటి ఆవరణలోనే వద్దు.

మేడతోట · జూన్ 16

చంద్రకాంతను వెనక్కి నెట్టి మా మల్లెకు దారి ఇచ్చినందుకు మాస్టారికి ధన్యవాదాలు!

పొలంగట్టు_మాస్టారు · జూన్ 16

మల్లెకూ నేను దారి ఇవ్వలేదు. మీరు ‘మేడ మీద పెట్టేయండి’ అని ఊరుకున్నారు. పెట్టాక ఏం చేయాలో చెప్పారా? కొత్తవాళ్ల ఇళ్లలో మల్లె చావదు, కానీ పూయదు. గుబురుగా, పచ్చగా, చూడముచ్చటగా పెరుగుతుంది, పువ్వు మాత్రం రాదు. ఎందుకంటే దానికి కత్తెర పడలేదు. మల్లె పూసేది కొత్త చిగురు కొసనే. దాన్ని ముట్టుకోవడానికి జాలిపడేవారికి అది కష్టమైన మొక్క.

మేడతోట · జూన్ 16

అది ఒప్పుకుంటాను. అయితే పద్ధతి రాస్తాను, కొత్తకుండీ గారు దాచుకోండి.

మొక్క ఇప్పుడు తెచ్చుకుంటే ఈ ఏడాది వేరు పట్టనివ్వండి. పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల మట్టికుండీ లేదా సిమెంటు కుండీ తీసుకోండి. నల్ల ప్లాస్టిక్‌ది మేడ మీద వద్దు, వేసవిలో మట్టి ఉడికిపోతుంది. డిసెంబరు నెలలో నీళ్లు బాగా తగ్గించండి, ఆకు వాడేంత వరకు ఎండగట్టండి. తరువాత ఎండుపుల్లలు, సన్నపుల్లలు తీసేసి, మిగిలిన కొమ్మలను మోకాలి ఎత్తుకు కత్తిరించండి. మిగిలిన ఆకులు కూడా దూసేయండి. చూడడానికి గుండు కొట్టించినట్టే ఉంటుంది, భయపడకండి. పైమట్టి గుల్లచేసి, రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి అప్పుడు నీళ్లు మొదలుపెట్టండి. ఫిబ్రవరిలో చిగుళ్లు, మార్చిలో మొగ్గలు. ఒక విడత పూలు అయిపోగానే ఆ కొసలు రెండు ఆకుల వరకు కత్తిరిస్తే మళ్లీ విడత వస్తుంది. ఇలా జూన్ దాకా.

రోజుకు ఐదారు గంటల ఎండ తగ్గితే పూత తగ్గుతుంది. మొగ్గలు వంకాయ రంగు తిరిగి వాటికి చిన్న రంధ్రం కనిపిస్తే లోపల పురుగు ఉన్నట్టు, ఆ మొగ్గలు గిల్లి దూరంగా పారేయండి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి బూజు కడితే నల్లి అనే చిన్న పురుగు పట్టినట్టు. ముందు నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి, చాలావరకు దానితోనే పోతుంది.

ఇంకో మాట. మల్లె మొగ్గను విచ్చే వరకు చెట్టునే ఉంచనక్కరలేదు. మొగ్గ తెల్లబడి లావెక్కాక సాయంత్రం కోసినా అది ఇంట్లో విచ్చుకుని వాసన ఇస్తుంది. బజారులో అమ్మేది మొగ్గలనే కదా. మీ అత్తగారు మేడ ఎక్కలేకపోయినా మీరు వచ్చాక నాలుగు మొగ్గలు కోసి దేవుడి దగ్గర పెట్టవచ్చు.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 16

చక్కగా రాశారు. కుండీ మల్లెకు బోరునీళ్ల వల్ల పైమట్టి మీద తెల్లపొర కడుతుంది, దాన్ని నెలకోసారి గీకేసి కొత్త ఎరువు వేయాలి. వానాకాలంలో కుండీలను వానకు వదిలేయండి, పేరుకున్న ఉప్పంతా కిందికి కడిగేస్తుంది. అందుకే అడుగు రంధ్రాలు పూడిపోకుండా చూడాలి. మట్టికి రెండు పాళ్ల ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు ఇసుక సరిపోతాయి.

డల్లాస్_పెరడు · జూన్ 16

మేం ఇక్కడ మల్లెను కుండీలోనే ఉంచి, రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగేసరికి లోపల కిటికీ దగ్గర పెడతాం. నేలలో నాటినవారివి ఒక గట్టి మంచుకే పోయాయి. మీకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు. తీగ పెంచాలనిపిస్తే రాధామనోహరం గురించి కూడా ఆలోచించండి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాడు గులాబీ రంగుకు, ఆ తరువాత ఎరుపుకు తిరుగుతుంది, రాత్రి వాసన హాయిగా ఉంటుంది.

కడియం_దారిలో · జూన్ 16

హాయిగానే ఉంటుంది, కానీ రెండేళ్లలో మేడనూ, కరెంటు తీగనూ, పక్కింటినీ కూడా ఎక్కుతుంది. పన్నెండు అడుగుల పట్టీకి ఆ ఏనుగు ఎందుకండీ? గట్టి పందిరి, ఏటా కత్తిరింపు ఉంటేనే.

అమ్మమ్మ_పత్రి · జూన్ 17

అందరూ పూలే చెబుతున్నారు. పూవు వాసన పూసినప్పుడే. ఆకు వాసన చెయ్యి తగిలినప్పుడల్లా వస్తుంది, ఏ కాలమూ చూడదు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేనైతే ముందు పత్రి మొక్కలే ఇస్తాను, ఎందుకంటే వాటికి పూయించడం అనే పరీక్షే లేదు.

గేటు పక్కన నడిచేటప్పుడు చీర కుచ్చిళ్లు తగిలేలా నిమ్మగడ్డి దుబ్బు ఒకటి పెట్టుకోండి. బజారులో కొన్న కాడకు మొదలు ఉంటే చాలు, గ్లాసు నీళ్లలో పెడితే వారంలో వేరు వస్తుంది. వామాకు కొమ్మ విరిచి గుచ్చితే అదే వస్తుంది, జలుబుకు కషాయం, బజ్జీలకు ఆకు. కర్పూర తులసి, లవంగ తులసి రెండూ కోటలో తులసి పక్కనే పెరుగుతాయి. రుద్రజడ విత్తనాలు మీ వంటింట్లోనే ఉన్నాయి, వేసవిలో నానబెట్టి తాగే సబ్జా గింజలు అవే. చల్లితే మొలుస్తాయి.

మరువం మీద అందరికీ ఆశ ఉంటుంది. ఇప్పుడు తెస్తే వానలకు కుళ్లుతుంది. దసరా దాటాక తెచ్చి, ఇసుక ఎక్కువగా ఉన్న మట్టిలో, ఉదయపు ఎండలో పెట్టండి. దవనం అయితే కార్తీకంలో విత్తుకుని చలి ఉన్నన్నాళ్లు చూసుకోవాలి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఇల్లంతా దవనమే. ఎండలు ముదరగానే ఎండిపోతుంది, దాని స్వభావమే అంత, మీ తప్పు కాదు.

మీ వేపచెట్టు నీడ సందు గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ రంభ ఆకు కుండీ పెట్టండి. నర్సరీలో బాస్మతి ఆకు అని, బిర్యానీ ఆకు అని అడిగినా ఇస్తారు. నీడలోనే బాగుంటుంది, తడి ఆరకుండా చూస్తే చాలు. అన్నం వార్చేముందు ఒక ఆకు ముడివేసి పడేస్తే వంటిల్లంతా వాసన.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 17

అమ్మమ్మ గారి మాటకు ఒక చిన్న చేర్పు: బాస్మతి బియ్యానికి ఆ వాసన ఇచ్చే పదార్థమే రంభ ఆకులోనూ ఉంది. అందుకే మామూలు బియ్యంలో వేసినా ముక్కు మోసపోతుంది. అయితే నర్సరీలో ‘బిర్యానీ ఆకు’ అంటే దాల్చిన జాతి చెట్టు మొక్కనూ ఇస్తారు. పొడుగ్గా, సన్నగా, మొగలి ఆకులా ఉన్నదే అడగాలి. దీనికి మొగలికున్నట్టు ముళ్లు ఉండవు.

మూడో_అంతస్తు · జూన్ 17

రాత్రి వాసన అంటున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. వాసన ఎక్కువైతే అదీ బాధే. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తరువాత రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్లు విపరీతంగా నాటారు. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే సాయంత్రం నడకకు వెళ్లినవాళ్లు ముక్కు మూసుకుంటారు. పడకగది కిటికీ కింద ఏ మొక్క పెట్టినా ముందు ఒక రాత్రి దాని పక్కన కూర్చుని చూడండి.

సందేహాల_పుట్ట · జూన్ 17

మరి పారిజాతం? పూజ అన్నారు కదా, ఎవరూ చెప్పలేదేం? అదీ చెట్టే కాబట్టి వద్దంటారా?

పొలంగట్టు_మాస్టారు · జూన్ 17

చెట్టే, కానీ కత్తిరింపుకు లొంగే చెట్టు. సంపెంగలా పైకే పోతానని మొండికేయదు. పట్టీకి ఒక కొసన, గోడకు వీలైనంత ఎడంగా నాటి, పూత అయిపోయాక జనవరిలోనో ఫిబ్రవరిలోనో తలెత్తుకు తగ్గిస్తూ ఉంటే పొదలా ఉంటుంది. ఐదు గంటల ఉదయపు ఎండ దానికి సరిపోతుంది. మా వైపు ఆగస్టు చివర మొదలై చలి ముదిరే వరకు పూస్తుంది. ఈ ఇంటి లెక్కకు ఇంతకంటే సరిపడేది నాకు కనిపించడం లేదు: వాళ్లు వచ్చేది ఏడు దాటాక, అది విచ్చేది అదే వేళకు. తెల్లవారాక అత్తగారు మేడ ఎక్కనక్కరలేదు, కొమ్మ వంచనక్కరలేదు. నేల రాలినా పూజకు పనికొచ్చే పువ్వు పారిజాతం కాబట్టి కింద ఒక పాత చీర పరిస్తే మట్టి అంటకుండా ఏరుకోవచ్చు.

ఇబ్బంది ఒకటే, వానల్లో గొంగళి పురుగులు పడతాయి. అవి గుంపుగా తిన్నప్పుడు ఆకు జల్లెడలా కనబడి దూరం నుంచే తెలిసిపోతుంది. పాపను దగ్గరికి రానివ్వకుండా ఆ కొమ్మ తుంచి సబ్బునీళ్ల బకెట్లో వేసేయండి.

కడియం_దారిలో · జూన్ 17

మాస్టారి మాటే నా మాట. మూడడుగుల ఎత్తు మొక్క తీసుకుంటే ఈ సంవత్సరమే నాలుగు పూలు చూస్తారు. గుంత మొక్క కవరుకు రెండింతలు తవ్వండి. కొత్త ఇల్లు కాబట్టి అక్కడ మట్టి కింద సిమెంటు పెచ్చులు, సున్నం, ఇటుకముక్కలు ఉంటాయి, వాటిని ఏరి పారేయకపోతే ఎంత మంచి మొక్కయినా కుంగిపోతుంది. అడుగున్నర లోతు వరకు ఆ చెత్త తీసి మంచి మట్టి నింపండి. మీ రెండు వేలలో సగం అందుకే పెట్టండి.

కొత్తకుండీ · జూన్ 18

నిన్న సాయంత్రం పట్టీ తవ్వించాం. కడియం_దారిలో గారూ, మీరు చెప్పినట్టే ఒక బండెడు ఇటుకముక్కలు, ఎండిన సిమెంటు గడ్డలు వచ్చాయి. వేసినవాళ్ల మీద మా అత్తగారు ఇంకా కోపంగా ఉన్నారు.

నా జాబితా ఇది, తప్పులుంటే చెప్పండి. పట్టీకి ఉత్తరం కొసన పారిజాతం. మిగిలిన చోట ఒంటిరేక లిల్లీ దుంపలు తొమ్మిది, గేటు పక్కన నిమ్మగడ్డి. మేడ మీద బొండుమల్లె ఒకటే, రెండు వద్దనుకున్నాను. సందులో రంభ ఆకు. తులసికోట పక్కన కర్పూర తులసి. చంద్రకాంత, నైట్ క్వీన్ లేవు. గులాబీ కూడా మానేశాను, సరేనా? అత్తగారు నాటు గులాబీ కావాలంటున్నారు.

మేడతోట · జూన్ 18

ఒక్క మల్లె అన్నా మిగిలింది, సంతోషం. గులాబీకి వానల్లో ఆకుమచ్చ వస్తుంది, మందులూ కత్తిరింపులూ తప్పవు. సంక్రాంతికి నాటు గులాబీ కొమ్మ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టండి, అప్పటికి మీ చెయ్యి తిరుగుతుంది.

అమ్మమ్మ_పత్రి · జూన్ 18

అత్తగారికి గులాబీ బదులు ముద్ద నందివర్ధనం ఇవ్వండి. సగం నీడలోనూ పూస్తుంది, రాత్రి సన్నటి వాసన ఉంటుంది, పూజకు రోజూ పువ్వు తప్పదు. ముద్దదే తీసుకోండి. పాలు కారే మొక్క కాబట్టి పాపను మాత్రం తుంచనివ్వకండి.

వృక్షశాస్త్రం_టీచరు · జూన్ 18

జాబితా బాగుంది. నిమ్మగడ్డికి, లిల్లీకి మధ్య అడుగున్నర వదలండి. దుబ్బు పెరిగాక దుంపలకు ఎండ తగలదు.

కొత్తకుండీ · సెప్టెంబరు 9

పారిజాతం పూసింది, రోజుకు ఐదారు. లిల్లీల్లో రెండింటికి కాడ వచ్చింది, మిగతావి ఆకుల దగ్గరే ఉన్నాయి. నిమ్మగడ్డి మాత్రం దారికి అడ్డం వచ్చేంత పెరిగింది, వచ్చినవాళ్లందరికీ పిలకలు పంచుతున్నాం. ఇప్పుడొక సందేహం: మల్లె ఆకులన్నీ బాగానే ఉన్నాయి కానీ ఒక కొమ్మ మాత్రం మూడడుగులు సన్నగా తీగలా సాగింది. దాన్ని డిసెంబరు దాకా ఉంచాలా, ఇప్పుడే కత్తిరించాలా?

మేడతోట · సెప్టెంబరు 9

కత్తిరించవద్దు, వంచండి. ఆ తీగ మధ్యలో ఒక కణుపు దగ్గర కింద తోలు కొంచెం గీరి, పక్కన ఇంకో చిన్న కుండీ పెట్టి అందులో మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. కొస బయటే ఉండాలి. తడి ఆరనివ్వకండి. డిసెంబరుకు వేరు పడుతుంది, అప్పుడు తల్లి నుంచి కోసి విడదీయవచ్చు. బొండుమల్లెకు గింజ కట్టదు కాబట్టి దాన్ని పెంచుకునే తేలిక దారి ఇది.

సందేహాల_పుట్ట · సెప్టెంబరు 9

ఆ రెండో కుండీ ఎవరికో ముందే చెప్పేస్తున్నాను. మాది కాజీపేటే.